ఆరు వహీల చదువు

"అమో" అంటూ సిద్ధరాములు కొక్కేన్ని మొదటి వహీ కంట్లోకి దూర్చాడు. అవతలినుంచి లలిత చేయి ఒక పోగు తెచ్చి కొక్కెం ముక్కుకు తగిలించింది. అతను ఇవతలికి లాగాడు. "అమాస్" అని రెండో వహీలోకి దూర్చాడు. మళ్ళీ పోగు, మళ్ళీ లాగుడు. "అమాత్, అమాముస్, అమాతిస్" అని వరసగా దాటుకుంటూ ఆరో వహీ దగ్గర "అమాంత్" అని ఊపిరి పీల్చుకొని తిరిగి మొదటికి వచ్చాడు.

వహీ అంటే మగ్గంలో పడుగు పోగులను పైకీ కిందికీ ఆడించే తీగల చట్రం. ఒక్కో తీగకు నడుమ ఒక కన్ను ఉంటుంది. కొత్త డిజైన్ మగ్గానికెక్కాలంటే పడుగులోని ప్రతి పోగునూ ఆ కళ్ళలోంచి వరస తప్పకుండా లాగాలి. ఆ తరువాత దువ్వెనలాంటి ఫణీ పళ్ళ సందుల్లోంచి లాగాలి. మగ్గాల షెడ్డువాళ్ళు దీన్ని వహీ-ఫణీ పని అంటారు. ఒక్క మనిషి చేసే పని కాదిది. వెనక కూర్చొని ఒకరు పోగు అందిస్తే, ముందు కూర్చొని ఒకరు లాగుతారు. సిద్ధరాములు, లలిత పెళ్ళయిన కొత్తలోనే ఈ పనికి కూర్చున్నారు. నూలు తెరకు ఇటు మొగుడు, అటు పెళ్ళాం. ఒకరి మొహం ఒకరు పోగుల సందుల్లోంచి చూసుకుంటూనే ఇద్దరికీ తలలు నెరిశాయి.

సిద్ధరాములు బక్కమనిషి. మెడ ముందుకు వంగి అలాగే ఉండిపోయింది. నిలబడ్డా, నడిచినా, చాయ్ తాగినా ఏదో కంట్లోకి తొంగి చూస్తున్నట్టే ఉంటాడు. కళ్ళద్దాలకు ఒక కాడ విరిగితే అక్కడ నూలుపోగు కట్టి చెవికి చుట్టుకున్నాడు. కుడిచేతి చూపుడువేలి మీద కొక్కెం కాడ ఆనే చోట గుంట పడింది, అందులో శనగ గింజ పెడితే దొర్లకుండా నిలుస్తుంది. లలిత అలా కాదు. నిండైన మనిషి. ముంజేతులనిండా ఆకుపచ్చ గాజులు, పొగాకు మిశ్రీ తోమి తోమి నల్లబడ్డ పళ్ళు, ఆ పళ్ళ వెనక ఎప్పుడూ తయారుగా ఒక మాట.

"ముసలోడు పొద్దందాక ప్రేమిస్తున్న, ప్రేమిస్తున్న అంటడు" అంది తెర వెనకనుంచి. "నా దిక్కు మాత్రం సూడడు."

"నీ దిక్కు సూస్తె పోగు తప్పుతది."

"పెండ్లయిన కాడికెళ్ళి గదే బహానా!"

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అమో అంటే ప్రేమిస్తున్నాను. అమాస్ అంటే ప్రేమిస్తున్నావు. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు అని ఆ మాటకు ఆరు రూపాలు. ఆరు వహీల డిజైన్ వచ్చిందంటే సిద్ధరాములుకు పండగే. ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టే బదులు ఆ ఆరు రూపాలూ చెప్పుకుంటూ లాగుతాడు. అది లాటిన్. ఎక్కడో రోమ్ దేశంలో పుట్టి, ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళే లేకుండా పోయిన భాష. సోలాపూర్‌లో, జోడ్‌భావి పేట్‌లో, వహీ-ఫణీ పనివాడికి దానితో ఏం పనయ్యా అని అడగనివాడు పేటలో లేడు. ముసలోళ్ళకు దసరా పండగ అని నవ్వారు కొందరు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నారు ఇంకొందరు. సిద్ధరాములు అందరి మాటకూ తలూపి కొక్కెం అందుకునేవాడు. దానితో ఏం పనో అతనికీ తెలియదు మరి.

అది లాక్‌డౌన్ రోజుల్లో మొదలైంది. షెడ్డులన్నీ మూసేశారు. పుట్టి బుద్ధెరిగిన కాడినుంచి, పండగనాడు తప్ప, మగ్గాల చప్పుడు లేని పగలు ఎరగని పేట ఒక్కసారిగా మూగబోయింది. చిత్రమేమిటంటే బయట చప్పుడు ఆగినా సిద్ధరాములు చెవుల్లో మాత్రం ఆగలేదు. ఖటక్ ఖటక్ మని లోపలే ఆడుతూ ఉండేది. ఇంట్లో కూర్చోలేక పక్క గల్లీలోకి వెళ్ళి, యశోదక్క ఇంటి అరుగుమీద కూర్చునేవాడు. ఆ ఇంటి మేడమీద గదిలో వాసుదేవ్ గురుజీ అద్దెకుంటాడు. తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఒకనాడు కిటికీలోంచి ఆయన గొంతు వినిపించింది. ఒకే మాటను తోక మార్చి తోక మార్చి పలుకుతున్నాడు. నౌతా, నౌతామ్, నౌతే. విని విని సిద్ధరాములు తల పైకెత్తాడు.

"గురుజీ, గిదేం మంత్రం?"

"మంత్రం గాదయ్యా, లాటిన్. పైకి రా, మూతికి గుడ్డ కట్టుకొని రా."

గురుజీ చిన్నతనంలో మిషన్ హాస్టల్‌లో ఉండి చదువుకున్నాడు. అక్కడ ఒక ముసలి పాద్రీ ఆయనకు ఈ భాష నేర్పి, తన చిన్న పాఠాల పుస్తకం ఇచ్చి పోయాడు. అట్ట ఊడిపోతే గురుజీ దానికి సోలాపూర్ చాదర్ ముక్కతో అట్ట కుట్టించాడు. సిద్ధరాములుకు ఇంగ్లీషు రాదు గాని, మగ్గాల మీది పేర్లు, బస్సుల మీది బోర్డులు చూసి చూసి అక్షరాలు వచ్చు. మిగతాది గురుజీ నోటినుంచే నేర్చుకున్నాడు.

"బళ్ళె డు ము వు లు సదివినవా?" అని అడిగాడు గురుజీ మొదటిరోజు.

"డు ము వు లు ప్రథమా విభక్తి. నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి" అని సిద్ధరాములు గడగడా అప్పజెప్పాడు. ఏడో తరగతిలో బడి మానిన మనిషి. అంతకాలం ఆ మాటలు ఏ మూల దాక్కున్నాయో, పిలవగానే బయటికొచ్చాయి. అతనికే నవ్వొచ్చింది.

"బస్, గదే ఇది. మనం మాట ఎనక వేరేగ అతికిస్తం. వీండ్లు మాటకే తోక పెడ్తరు. మాట యాడ కూసున్నా ఫికర్ లేదు, తోక సూస్తె ఎవడు ఎవణ్ణి కొట్టిండో తెలుస్తది."

సిద్ధరాములుకు చటుక్కున అర్థమైంది. పడుగు చుట్టిన బీము మీద పోగు ఎక్కడున్నా అది ఏ కంటికి పోవాలో దానికి ఒక వరస ఉంటుంది కదా. ఆ రోజునుంచి షెడ్డులు తెరిచినా సాయంత్రం పాఠం ఆగలేదు. పనయ్యాక ఇంటికి పోయి కాళ్ళు కడుక్కొని గురుజీ గదికి పోవడం, లలిత వెనకాలే జొన్నరొట్టె భాకరీ, పల్లీల శేంగా చట్నీ డబ్బా పట్టుకొని రావడం, ఆమె గడప దగ్గర కూర్చొని తమలపాకు నములుతూ వినడం. గురుజీకి ఒక కంట్లో పొర కమ్మింది, వాక్యం కింద వేలు పెట్టినా పక్క వాక్యంలోకి జారిపోయేవాడు. సిద్ధరాములు తన పాత కొక్కెం ఒకటి తెచ్చి ఇచ్చాడు. సన్నగా, పలచగా, ముక్కు అరిగిపోయి పోగు పట్టని కొక్కెం. గురుజీ దాన్ని వాక్యం కింద జరుపుకుంటూ చదివేవాడు. పాఠం అయ్యాక ఆ పేజీలోనే గుర్తుగా పెట్టి పుస్తకం మూసేవాడు.

ఒకసారి గురుజీ మనసులో మాట బయటపెట్టాడు. "శానామంది వచ్చిండ్రు సిద్ధరాములూ. పాద్రీ అయిత అని ఒకడు వచ్చిండు. మందుల సదువు సదివే పిల్ల వచ్చింది. ఒక వకీలు సుత వచ్చిండు. అందరు నాలుగు పాఠాలకే జై హింద్. ఒక్కణ్ణన్న ఆఖరి పాఠం దాక తీస్కపోతె నాకు సాలు. గంతకన్న ఇంకేం లేదు."

ఆ మాటే సిద్ధరాములు పీకకు చుట్టుకుంది.

ఎందుకంటే ఆఖరి పాఠం రానే వచ్చింది. ఎండాకాలంలో వచ్చింది. అది ఒక ముసలి నావికుడి కథ. ఓడ పని మానేసి గుట్టమీది ఊళ్ళో కాపురం పెడతాడు. పిల్లలు చుట్టూ చేరి, తాతా నీ ఓడ ఏది అని అడుగుతారు. పేజీకి మించని కథ. సిద్ధరాములు మొదటిసారి చదివినప్పుడే అంతా అర్థమైపోయింది. నోరు తెరిచి చెప్పబోయి, ఎదురుగా గురుజీ మొహం చూశాడు. చెప్పేస్తే పుస్తకం అయిపోతుంది. పుస్తకం అయిపోతే రేపు సాయంత్రం ఎక్కడికి పోవాలి? అక్కడితో ఆగదు కూడా. కొడుకు నిలేష్ కుంభారిలో కొత్త కాలనీలో ఇల్లు తీసుకొని, అమ్మా బాపూ రండి రండి అని పోరుతున్నాడు. వాడికి సిద్ధరాములు ఇచ్చిన మాట ఒకటే: "పుస్తకం కానియ్యి బిడ్డా, వస్తం."

అందుకని ఆ సాయంత్రం కావాలనే తప్పు చెప్పాడు. నావికుడు ఓడను విడిచాడు అనాల్సింది, ఓడ నావికుణ్ణి విడిచింది అన్నాడు. గురుజీ "తోక సూడు, తోక సూడు" అని దగ్గు నవ్వు నవ్వాడు. మర్నాడు అది సరిగా చెప్పి ఇంకోచోట తప్పాడు. సముద్రం చెవుల్లో ఉండిపోయింది అనాల్సింది, చెవులు సముద్రంలో ఉండిపోయాయి అన్నాడు. అలా ఎండలు పోయాయి, వానలు వచ్చాయి, శ్రావణం వచ్చింది. గురుజీకి మాత్రం ఆయాసం ఎక్కువైంది. మేడ దిగడం మానేశాడు. పాఠం మధ్యలో ఆగి, కిటికీ కమ్మీ పట్టుకొని గాలి పీల్చుకుంటున్నాడు.

ఇదీ సిద్ధరాములు సంకటం. చెబితే సాయంత్రాలు పోతాయి. చెప్పకుంటే ఆయన కోరిక తీరకుండానే ఆయన పోవచ్చు. ఈ రెండింటి మధ్య రోజుకో తప్పు వెతుక్కుంటూ బతుకుతున్నాడు.

షెడ్డులో ఇవాళ తొందర పని. పున్నమికి మార్కండేయుడి రథం తీస్తారు, ఆ రోజు పేటలో మగ్గం ఆడదు. ఈలోగా టవళ్ళ కొత్త అంచు మగ్గానికెక్కాలని షెడ్డు యజమాని శేఠ్ పట్టు. గోడ అవతల మగ్గాలు హోరెత్తుతున్నాయి. సిద్ధరాములు చేయి తనంతట తను పోతూనే ఉంది. అమో, అమాస్, అమాత్. మనసు మాత్రం సాయంత్రం ఏ తప్పు చెప్పాలా అని వెతుకుతోంది. పాతవి చెప్పేస్తే గురుజీ పట్టేస్తాడు. కొత్త తప్పు పుట్టించడం ఏమైనా మాటలా?

"ఆగు" అంది లలిత.

అతను ఆగలేదు.

"ఓయ్, ఆగుమంటున్న గదా! ఎనకకు సూడు. గాడ నాలుగో వహీల కన్ను ఖాలీ ఉన్నది."

సిద్ధరాములు కళ్ళద్దాలు సర్దుకొని చూశాడు. వెనక, ఎక్కడో చాలా వెనక, ఒక కన్ను ఖాళీగా ఉంది. అమాముస్ దగ్గర దాటేశాడు. అక్కణ్ణుంచి ఇటు లాగినవన్నీ ఒక వహీ పక్కకు జరిగాయి. అలాగే మగ్గానికెక్కిస్తే టవల్ టవల్‌కూ ఆ చోట గీత పడుతుంది. బీము ఖాళీ అయ్యేదాకా పడుతూనే ఉంటుంది. ఈ పనిలో కూర్చున్నాక సిద్ధరాములు వదిలిన మొదటి కన్ను అది. అతని చెవులు కాలిపోయాయి. షెడ్డులో ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాడు.

"అలవాట్ల పొరపాటు" అని గొణిగాడు.

"కాదు. పొరపాటే అలవాటైంది" అంది లలిత. పోగులు వదిలేసి, తెరకు మొహం ఆనించింది. గీతలు గీతలుగా ఆమె కళ్ళు కనిపించాయి. "నాకు ఎరుకలేదనుకున్నవా? గీడ కూసుంటే ఆ నావికుని కథ మొదట్నుంచి ఆఖరు దాక నీళ్ళలెక్క సెప్తవ్. గాడికి పోయి గురుజీ ముంగట నత్తి నత్తిగ తప్పు సెప్తవ్. ఎండాకాలం సంది ఇంటున్న. రోజు మాపటికి తప్పుపోవుడు నేర్సుకుంటున్నవ్, గిప్పుడు చెయ్యి సుత నేర్సుకున్నది. గంతే."

సిద్ధరాములు కొక్కెం కింద పెట్టాడు. చూపుడువేలి గుంటను బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. చివరికి అన్నాడు: "కుంభారికి పోవుడు ఇష్టం లేక అనుకుంటవేమో."

"అనుకోలె. నాకు మనుమరాలి మీద పానం గుంజుతది, అబద్ధం ఎందుకు సెప్త? ఇంట్ల నల్లా ఉన్నదట, లైనుల నిలబడే పని లేదట. గయినా నేను ఒక్కనాడన్న పోదాం పోదాం అన్ననా? గురుజీ ముంగట కూసున్నప్పుడు నీ మొకం ఎట్లుంటదో నీకేం ఎరుక, నాకు ఎరుక." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "గని ఆయన ఊపిరి సూస్తున్నవా? మొన్న నీళ్ళ గ్లాసు లేపుతుంటే చెయ్యి ఎట్ల ఒణికింది? ఆయన అడిగింది ఒక్కటే. గది సుత ఇయ్యకుంటె ఎట్లయ్యా?"

ఆ మాట సూటిగా తగిలింది. తను దాచుకున్నది గురుజీకి చెందిన సొమ్మేనని సిద్ధరాములుకు మొదటిసారి అనిపించి సిగ్గేసింది. పోగులు వెనక్కి తీయడం మొదలుపెట్టాడు. లాగినవన్నీ, ఖాళీ కన్ను దాకా, ఒక్కొక్కటే. లలిత అవతల అందుకొని చిక్కుపడకుండా వేళ్ళ సందుల్లో పట్టుకుంది. పొద్దుటినుంచి చేసిన పనిలో సగం పోయింది. ఇద్దరూ తిట్టుకోలేదు. మధ్యాహ్నం భాకరీ విరుచుకొని, శేంగా చట్నీలో నూనె పోసుకొని, పచ్చి ఉల్లిగడ్డ గుద్దుకొని తిన్నారు. తిన్నాక లలిత రెండు నిమిషాలు గోడకు ఒరిగి కునుకు తీసింది. ఆమె నోరు తెరుచుకొని నిద్రపోవడం చూస్తూ సిద్ధరాములు, ఈ మనిషి అందించకపోతే తను లాగేదేముంది అనుకున్నాడు. లేపి ఆ మాట చెబుదామనుకున్నాడు గాని, చెబితే పున్నమి దాకా ఎక్కిరిస్తుందని ఊరుకున్నాడు.

మళ్ళీ కూర్చున్నారు. ఈసారి అతను గొంతెత్తి పలికాడు, ప్రతి వహీకి తలూపుతూ పలికాడు. అమో, అమాస్, అమాత్, అమాముస్, అమాతిస్, అమాంత్. కాసేపటికి లలిత కూడా కలిసింది. ఆమెకు చదువు లేదు, అర్థంతో పని లేదు, చెవికి వచ్చింది నోటికి వస్తుంది. పక్క మగ్గం నడిపేవాడు తల లోపలికి పెట్టి, "కాకా, కాకూ, భజన్ మస్తుగ నడుస్తున్నది" అని పోయాడు. పొద్దు వాలేసరికి చివరి పోగు ఫణీలోంచి బయటికొచ్చింది. శేఠ్ వచ్చి వేలితో వరస మీటి చూసి, తలాడించి వెళ్ళిపోయాడు. ఆ తలాడింపే వాళ్ళకు మామూలుగా దొరికే మెప్పు.

షెడ్డునుంచి వస్తూ సిద్ధరాములు దారిలో ఒక కొబ్బరికాయ కొన్నాడు. లలిత చూసింది. కొత్త పడుగు మగ్గానికెక్కాక మొదటి పేక వేసేముందు కొబ్బరికాయ కొట్టడం షెడ్డు ఆచారం.

యశోదక్క ఇంటి మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి పైనుంచి తాడు వేలాడుతుంది. గురుజీ మంచంమీద గోడకానుకొని కూర్చొని ఉన్నాడు. పొడుగుమనిషి, ఇప్పుడు మంచం సగమే పట్టేంతగా కుంచించుకుపోయాడు. మెడచుట్టూ టవల్, ఒళ్ళో పుస్తకం. కొక్కెం ఆఖరి పాఠంలోంచి ముక్కు బయటపెట్టి ఉంది.

"కూసో. ఇయ్యాల యాడ తప్పుపోతవో సూద్దాం" అన్నాడు గురుజీ.

సిద్ధరాములు కింద కూర్చున్నాడు. కొబ్బరికాయ పక్కన పెట్టుకున్నాడు. పుస్తకం తీసుకొని కొక్కేన్ని మొదటి వాక్యం కింద పెట్టి చదివాడు, తెలుగులో చెప్పాడు. రెండోది చదివాడు, చెప్పాడు. ఓడ ఎవరినీ విడవలేదు. పిల్లలు తాతనే అడిగారు, తాత పిల్లలనే చూసి నవ్వాడు. గురుజీ నవ్వు మెల్లగా ఆగింది. కమ్మీ వైపు పోతున్న చేయి మధ్యలో నిలిచిపోయింది. గడప దగ్గర లలిత తమలపాకు నమలడం మానేసింది. నీ ఓడ పోయింది కదా తాతా, ఇప్పుడు నీకేం వినిపిస్తుంది అని పిల్లలు అడిగేచోటు కూడా దాటాడు. ఆఖరి వాక్యం దగ్గర ఆగి, కళ్ళద్దాల పోగు సర్దుకొని చదివాడు.

"నౌతా నావెం రెలీక్విత్, మారే ఇన్ ఔరిబుస్ మాన్సిత్."

పుస్తకంలోంచి తలెత్తి, గురుజీని చూస్తూ చెప్పాడు: "నావికుడు ఓడను ఇడిసిండు. సముద్రం మాత్రం ఆయన చెవులల్ల ఉండిపోయింది." కాస్త ఆగి తనే కలిపాడు: "నిజం గురుజీ. ఉండిపోతది. షెడ్డులు బందైనప్పుడు నాకు గట్లనే ఉండె."

గురుజీ మంచి కంట్లోంచీ, పొర కమ్మిన కంట్లోంచీ కూడా నీళ్ళు కారుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు.

"అయింది" అన్నాడు. "అయిందయ్యా సిద్ధరాములూ. పాద్రీ బాబ పుస్తకం ఒకడు ఆఖరు దాక సదివిండు."

"తప్పు నాదే గురుజీ. ఎండాకాలంలనే అయిపోయేది. నేనే..."

"ఎరుకే." గురుజీ నవ్వాడు. "షెడ్డుల తప్పుపోని చెయ్యి, గీడ రోజూ ఎట్ల తప్పుతదయ్యా? మొదటి వారంలనే ఎరుక."

"మరి అడగలే?"

"ఎందుకు అడుగుత? నాకేమన్న పిచ్చా? అడిగితె నువ్వు సరిగ్గ సెప్పేస్తుంటివి, సాయంత్రం పూట నా మెట్లు ఎక్కేటోళ్ళు ఎవరు?"

లలిత పకపకా నవ్వింది. ఆ నవ్వుకు యశోదక్క కిందినుంచి కాయ్ ఝాలం, ఏమైంది అంటూ ఎక్కివచ్చింది. సంగతి విని, లాటిన్ అంటే ఏమిటో తెలియకపోయినా, ఏదో మంచే జరిగిందని నమ్మి బెల్లం ముక్క తెచ్చింది. సిద్ధరాములు గడపమీద కొబ్బరికాయ కొట్టాడు. నలుగురూ తిన్నారు. గురుజీ పళ్ళు లేని చిగుళ్ళతో కొబ్బరిని చప్పరిస్తూ, చిన్నప్పుడు పాద్రీ తన చెవి మెలిపెట్టిన కథ చెప్పాడు. లలిత తెచ్చిన భాకరీని పాలల్లో నానబెట్టుకొని, ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాడు. ఆ గది అంత కళగా ఉండడం సిద్ధరాములు ఎప్పుడూ చూడలేదు. సంతోషంగానే ఉంది. లోపల ఎక్కడో ఒక్క కన్ను మాత్రం ఖాళీగా ఉంది. రేపు రావాలా వద్దా అని అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. పుస్తకం అయిపోయాక ఏ మొహంతో అడుగుతాడు?

"మెల్లగ దిగుండ్రి, మెట్లు తడి ఉన్నయ్" అన్నాడు గురుజీ. అంతే అన్నాడు.

గల్లీలో నడుస్తూ లలిత అంది: "కుంభారి నుంచి బస్సు ఉంటది. మాపటికి రావొచ్చు, పోవొచ్చు."

"పుస్తకం అయిపాయె గదా" అన్నాడు సిద్ధరాములు. ఆమె అతని చేయి పట్టుకొని నీళ్ళగుంట దాటించింది. గల్లీలో ఎవరైనా చూస్తారని కూడా అనుకోలేదు.

తెల్లవారి ఇంకా మొహాలు కడుక్కోకముందే యశోదక్క వచ్చింది. చేతిలో చాయ్ కప్పు అలాగే ఉంది. పైకి చాయ్ తీసుకపోయానని, గురుజీ లేవలేదని చెప్పింది. గోడకానుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే, టవల్ కూడా జారకుండా, నిద్రలోనే పోయాడు. మొహం తేటగా ఉందని ఆమె పదేపదే చెప్పింది.

ఆ రోజు పేటలో ఎంతమంది ఆయన దగ్గర అఆలు దిద్దారో తెలిసింది. గల్లీ పట్టలేదు. వకీళ్ళు, మగ్గాలవాళ్ళు, ఆటోలవాళ్ళు అందరూ వచ్చారు. పాత విద్యార్థులే పాడె కట్టారు. సిద్ధరాములు వంగిన మెడతోనే భుజం పట్టాడు. అంతా అయ్యాక, స్నానం చేసి, లలిత డబ్బా పైనే ఉండిపోయిందని తీసుకురావడానికి మెట్లెక్కాడు.

డబ్బా కడిగి కిటికీలో బోర్లించి ఉంది. రాత్రి గురుజీయే కడిగి ఉంటాడు. మంచం పక్క స్టూలుమీద చాదర్ అట్ట పుస్తకం మూసి ఉంది. ఆఖరి పేజీల్లోంచి బయటికి కనిపించాల్సిన కొక్కెం ముక్కు అక్కడ లేదు. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటే అట్ట దగ్గర, ముందు పేజీల్లో, ఏదో గట్టిగా తగిలింది. తెరిచాడు. చూసి, మంచం పట్టెమీద కూలబడి ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వు కూడా వచ్చింది. కింద గల్లీలోంచి లలిత పిలుస్తోంది. అతను పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి ఇంకోసారి చూశాడు.

ముక్కు అరిగిన ఆ పాత కొక్కెం మొదటి పాఠంలో, మొదటి వాక్యం కింద, రేపటి సాయంత్రం చదవడానికి తిన్నగా పెట్టి ఉంది.